నడిచి వెళ్లిపోయిన శంఖం

విజయవాడ,
మాఘ పౌర్ణమి.

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

అండమాన్‌లో ఉంటున్న మా మనవరాలు పోయిన వారం నాకొక ప్రశ్న రాసి పంపింది. "తాతయ్యా, నిన్న సాయంత్రం సముద్రపు ఒడ్డున ఒక శంఖం దొరికితే ఇంటికి తెచ్చుకున్నాను. వరండాలో పీట మీద పెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే లేదు. అమ్మ తీయలేదంది, నాన్న తీయలేదన్నాడు, తమ్ముడు ఒట్టు వేశాడు. మరి ఎవరు తీశారు?" అని దాని ప్రశ్న. జవాబు రాస్తూ ఉండగానే ఇది మీరందరూ తెలుసుకోవలసిన సంగతి అనిపించింది. అందుకని ఆ ఉత్తరాన్నే కాస్త పెంచి మీ అందరికీ రాస్తున్నాను.

ఆ శంఖాన్ని ఎవరూ తీయలేదు. అది తనంతట తానే నడిచి వెళ్లిపోయింది. శంఖానికి కాళ్లుండవు కదా అని మీరు అడుగుతారు. శంఖానికి ఉండవు, నిజమే. అందులో కాపురం ఉన్నదానికి ఉన్నాయి. అది ఒక చిన్న ఎండ్రకాయ. మీ పుస్తకాల్లో హెర్మిట్ క్రాబ్ అనో, సన్యాసి పీత అనో దాని పేరు చూసి ఉంటారు. అండమాన్ తీరాల్లో అది మనకు ఇంటి చుట్టూ ఉడుతలు కనిపించినంత మామూలుగా కనిపిస్తుంది. పగటి ఎండకు ఆకుల కిందా వేళ్ల సందుల్లోనూ ముడుచుకుని ఉండి, చీకటి పడ్డాక తిండి కోసం బయలుదేరుతుంది. రాలిన పండ్లు, కుళ్లిన ఆకులు, ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన చేపలు, ఏవైనా దానికి ఆహారమే. మా మనవరాలు ఎత్తుకోగానే అది భయపడి లోపలికి ముడుచుకుపోయి, పెద్ద డెక్కను గుమ్మానికి అడ్డం పెట్టేసి ఉంటుంది. ఇంట్లో దీపాలు ఆరి, అలికిడి ఆగాక, డెక్క తొలగించుకుని, మెట్లు దిగి తన దారిన తాను పోయింది.

అసలు దానికి ఆ శంఖం ఎందుకో తెలియాలంటే ముందు మన పొలాల్లోని ఎండ్రకాయ గురించి చెప్పాలి. నా చిన్నతనం తెనాలి దగ్గర ఒక పల్లెటూళ్లో గడిచింది. శ్రావణ మాసంలో నాట్లు పడ్డాక పొలం గట్ల వెంట నడిస్తే ఎక్కడ చూసినా ఎండ్రకాయ బొరియలే. గడ్డిపరకను బొరియలోకి దూర్చితే, లోపలున్నది దాన్ని పట్టుకుని గుంజుతుంది. ఆ గుంజుడు చేతికి తెలియడం కోసం మేము గట్టు మీద బోర్లా పడుకుని పొద్దు గడిపేవాళ్లం. బొరియల వల్ల గట్టుకు గండి పడి మడిలోని నీళ్లన్నీ పోతాయని రైతులకు వాటి మీద కోపం. మా నాన్నగారికీ ఆ కోపం ఉండేది గాని, ఒకనాటి పొద్దున ఆయనే నన్ను పిలిచి బొరియ పక్కన పడి ఉన్న ఎండ్రకాయను చూపించారు. కాళ్లు, డెక్కలు, కళ్ల మీది పొర, అన్నీ చక్కగా ఉన్నాయి, లోపల మాత్రం ఏమీ లేదు. జానెడు దూరంలో బురద నీళ్లలో, దానికంటే కాస్త పెద్దదైన ఇంకొక ఎండ్రకాయ కదలకుండా కూర్చుని ఉంది. నాన్నగారు నా వేలు పట్టి దాని వీపు మీద పెట్టించారు. వేలి కింద వీపు మెత్తగా అణిగింది. ఒళ్లు పెరిగినా పైపెంకు పెరగదు కనుక ఎండ్రకాయ పాత పెంకును విడిచేస్తుందనీ, కొత్తది గట్టిపడేదాకా శత్రువుల కంట పడకుండా ఇలా నక్కి ఉంటుందనీ, అప్పుడు దాని జోలికి పోవడం పాపమనీ ఆయన చెప్పారు. ఆ తరువాత చాలా రోజులు నేను బొరియల్లో గడ్డిపరక పెట్టలేదు.

మన పొలం ఎండ్రకాయకు కొద్ది రోజులు మాత్రమే ఉండే ఆ మెత్తదనం సన్యాసి పీతకు జన్మంతా ఉంటుంది. డెక్కలకూ కాళ్లకూ ముందు భాగానికీ గట్టి పెంకు ఉంటుంది గాని, పొట్ట భాగం మాత్రం పెంకు లేకుండా, ఒక పక్కకు మెలి తిరిగి ఉంటుంది. ఆ మెలిక శంఖం లోపలి మెలికకు సరిగ్గా సరిపోతుంది. వెనకటి చిన్న కాళ్లతోనూ తోక చివరనున్న కొక్కేలతోనూ శంఖం నడిమి స్తంభాన్ని పట్టుకుని ఉంటుంది కాబట్టి బలవంతంగా లాగితే ఒళ్లు తెగుతుంది గాని పట్టు వదలదు. అందుచేత దాన్ని ఎప్పుడూ లాగకూడదు.

ఇక్కడ మీరు మన విజయవాడ అద్దె ఇళ్ల సంగతి తలచుకోండి. ఇల్లు కట్టినది ఈ పీత కాదు. సముద్రపు నత్త ఒకటి నీళ్లలోని సున్నాన్ని తన ఒంట్లో చేర్చుకుంటూ, మెలిక మీద మెలిక వేస్తూ ఏళ్ల తరబడి కట్టుకున్న ఇల్లు అది. ఆ నత్త చనిపోయాక ఇల్లు ఒడ్డుకు కొట్టుకొచ్చి ఖాళీగా పడి ఉంటుంది. అడ్వాన్సు లేదు, నెలనెలా అద్దె లేదు. కానీ కావలసినవాళ్లు ఎక్కువ, ఇళ్లు తక్కువ. పీత పెరిగిన కొద్దీ ఉన్న వాటా ఇరుకవుతుంది. మనవాళ్లు టులెట్ బోర్డు చూసి లోపలికి వెళ్లి గదులు, గాలి, వెలుతురు చూసుకున్నట్టే అది కూడా ఖాళీ శంఖాన్ని దొర్లించి చూస్తుంది, గుమ్మం ఎంత వెడల్పో డెక్కలతో కొలుస్తుంది, లోపలికి చెయ్యి పెట్టి తడుముతుంది. నచ్చితే పాత ఇంట్లోంచి కొత్త ఇంట్లోకి కళ్లు మూసి తెరిచేలోగా మారిపోతుంది. పాలు పొంగించుకునే వ్యవధి ఉండదు, ఆషాఢమని ఆగడానికీ ఉండదు, ఎందుకంటే ఆ మెత్తటి పొట్ట బయట ఉన్నంతసేపూ ప్రాణం బయట ఉన్నట్టే.

అసలు విడ్డూరం ఆ తరువాత ఉంది. సత్యనారాయణపురంలో ఒక నాలుగు గదుల వాటా ఖాళీ అయిందనుకోండి. మూడు గదుల వాటాలో ఇరుక్కుని ఉన్నవాళ్లు అందులోకి మారతారు. వాళ్లు ఖాళీ చేసిన దాంట్లోకి రెండు గదుల వాళ్లు, ఆ రెండు గదుల్లోకి కొత్తగా కాపురం పెట్టిన జంట వస్తారు. ఒక్క ఇల్లు ఖాళీ అయితే మూడు కుటుంబాల అవసరం తీరుతుంది. పీతలదీ అచ్చంగా ఇదే పద్ధతి. పెద్ద శంఖమొకటి ఒడ్డున పడితే, దానికి సరిపోని చిన్న పీత దాన్ని కొలిచి చూసి వెళ్లిపోకుండా పక్కనే కాచుకుని కూర్చుంటుంది. అంతలో ఇంకొకటి, మరొకటి వస్తాయి. పెద్దది ముందు, చిన్నది వెనుక చొప్పున, ఒకదాని ఇంటిని మరొకటి పట్టుకుని వరుసలో నిలబడతాయి. ఆ పెద్ద ఇంటికి తగిన పీత వచ్చి అందులోకి మారిన మరుక్షణం, వరుస మొత్తం ఒకదాని తరువాత ఒకటిగా ఇళ్లు మారిపోతుంది. అన్నిటికంటే చిన్న ఇల్లు మాత్రం ఇసుకలో ఖాళీగా మిగులుతుంది. ఈ వరుసలో తగాదాలు లేకపోలేదు, తోసుకోవడాలూ ఉన్నాయి, ఏ ఇల్లూ దొరక్క బయట మిగిలిపోయి ఎండకో పక్షులకో బలయ్యేవీ ఉన్నాయి. పీత కష్టాలు పీతవి అని మనవాళ్లు ఊరికే అనలేదు.

నేలమీద తిరిగే ఈ పీతలు అద్దె ఇంటిని ఊరికే వాడుకోవు, బాగు చేసుకుంటాయి. శంఖం లోపలి గోడలనూ నడిమి స్తంభాన్నీ కాలక్రమంలో అరగదీసి, చోటు పెంచి, బరువు తగ్గిస్తాయి. అందుకని అప్పుడే చనిపోయిన నత్త విడిచిన కొత్త శంఖం కంటే, పది పీతలు కాపురం చేసి వెళ్లిన పాత శంఖమే వాటికి ఇష్టం. ఒక తరం బాగుచేసిన ఇల్లు తరువాతి తరానికి దక్కుతుంది. ఇంట్లో ఎప్పుడూ కాస్త నీళ్లు కూడా నిలవ ఉంచుకుంటాయి. నేలమీద బతికినా వాటికి ఉన్నవి మొప్పలే. ఆ మొప్పలు తడిగా ఉంటేనే ఊపిరి ఆడుతుంది. అలాగని సముద్రంలో ముంచి ఉంచితే మునిగి చనిపోతాయి. తల్లి పీత గుడ్లను వదలడానికి మాత్రం సముద్రపు అంచుకు వెళ్తుంది. పిల్లలు కొన్ని వారాలు అలలలో కొట్టుకుపోతూ పెరిగి, ఆవగింజంత శంఖాన్ని వెతుక్కుని, దానితో నేలమీదికి ఎక్కుతాయి. నికోబార్ దీవుల్లోనూ, అండమాన్‌లోని కొద్ది చోట్లా కొబ్బరి పీత అనే పెద్దది ఒకటుంది. అది చిన్నప్పుడు అద్దె ఇంట్లోనే ఉండి, పెరిగాక పొట్ట మీద పెంకు గట్టిపడి, ఇల్లు వదిలేసి స్వతంత్రంగా బతుకుతుంది. నాలుగు కిలోల దాకా తూగుతుంది. నేలమీద బతికే కీళ్ల కాళ్ల జీవుల్లో అంత పెద్దది ఇంకొకటి లేదు.

మా మనవరాలి శంఖం వరండా దాటి పోకుండా, ఏ డబ్బాలోనో మూతపెట్టి ఉంచి ఉంటే, లోపలి తడి ఆరిపోయి ఆ పీత చనిపోయేది. అది తప్పించుకున్నందుకు నాకు సంతోషంగా ఉంది. లోపల ఎవరూ లేరని తేలిన శంఖాన్ని కూడా ఒడ్డునే ఉంచి రండి. మనకు ఖాళీగా కనిపించింది ఇంకొకరికి కట్టి ఉంచిన ఇల్లు. శంఖాలన్నీ యాత్రికుల సంచుల్లోకి పోతున్న తీరాల్లో ఈ పీతలు సీసా మూతల్లోనూ ప్లాస్టిక్ గొట్టాల్లోనూ పొట్ట దూర్చుకుని తిరగడం ప్రపంచంలో చాలా చోట్ల చూశారు. పగడాలనూ కొన్ని జాతుల శంఖాలనూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతోంది. అండమాన్ నుంచి వచ్చేవారి సామానులో అవి కనబడితే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు.

అండమాన్ నికోబార్‌లో ఐదు వందలకు పైగా దీవులు ఉన్నాయి. మనుషులు నివసించేవి వాటిలో నలభైకి లోపే. అంత అడవి, అంత సముద్రం ఉన్నాయని విని, అక్కడికి వెళ్లినవాళ్లు పడవలెక్కి దూరదూరాలు తిరుగుతారు. తిరగవలసిందే. కాని కిందటి చలికాలం పోర్ట్ బ్లెయిర్‌లో, 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిన ఆ ఊళ్లో, మా అమ్మాయి ఇంట నేనున్న రోజుల్లో నన్ను కట్టిపడేసినవన్నీ ఇంటి గడపకు ఇవతలే కనిపించాయి. వాటిలో ఒకటి చెబుతాను. అక్కడ బల్లి ఆకుపచ్చగా ఉంటుంది. మన గోడ బల్లి రాత్రి దీపం దగ్గర చేరితే, ఆ పచ్చబల్లి పట్టపగలు ఎండలో అరటి ఆకు మీద తిరుగుతుంది. వీపు మీద ఎర్రటి చారలు, మగదానికి నీలి రంగు తోక. ఒక మధ్యాహ్నం కిటికీ చువ్వ మీద అది నాకు మూరెడు దూరంలో ఆగింది. దానికి కనురెప్పలు లేవు, అందుకని నాలుక చాచి ముందు కుడి కన్నూ తరువాత ఎడమ కన్నూ శుభ్రంగా నాకి తుడుచుకుంది. బల్లి శాస్త్రం చదివిన ఇంట్లో పుట్టినవాణ్ణి, బల్లిని అంత దగ్గరగా, అంత సేపు చూడటం అదే మొదలు. పురుగులతో పాటు పూలలోని తేనె కూడా తాగుతుంది. దాని చుట్టాలన్నీ మడగాస్కర్ దగ్గరా ఆ చుట్టుపక్కల దీవుల్లోనూ ఉన్నాయి. మడగాస్కర్ అక్కడికి ఐదు వేల కిలోమీటర్ల పైమాటే, మధ్యలో అంతా సముద్రం. అరచేతిలో ఇమిడే ఆ ప్రాణి వంశం ఆ నీళ్లను ఎలా దాటిందో తలచుకుంటూ కూర్చుంటే నాకు మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. మీరూ తలచుకోండి.

విజయవాడ, గుంటూరు పిల్లలు దిగులు పడనక్కర లేదు. బాపట్ల దాకా రైలు, అక్కడి నుంచి 9 కిలోమీటర్లు ఆటో, సూర్యలంక వచ్చేస్తుంది. పౌర్ణమికీ అమావాస్యకూ సముద్రం ఎక్కువ దూరం వెనక్కి తీస్తుంది కాబట్టి ఆ రోజుల్లో, నీరు తీసిన వేళ, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. తడి ఇసుకలోనూ, జాలర్లు వలలు దులిపే చోటనూ చిన్న చిన్న శంఖాలు వెతకండి. ఒకటి ఎంచుకుని, తాకకుండా, దానికి మీ నీడ పడకుండా కూర్చోండి. ఓపిక పట్టాలి. ముందు సన్నని మీసాలు బయటికి వస్తాయి, తరువాత కాడల మీద కళ్లు, ఆ తరువాత కాళ్లు. ఈ నెలల్లో అదే ఇసుకలో తాబేళ్లు గుడ్లు పెడతాయి, వాటి జాడలు కనిపిస్తే తొక్కకుండా పక్క నుంచి నడవండి. అండమాన్‌లో ఉన్న పిల్లలు చీకటి పడే వేళ, టార్చి అద్దానికి ఎర్ర కాగితం కట్టుకుని చూడాలి. కొన్ని తీరాల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయని బోర్డులు పెట్టారు, అక్కడికి మాత్రం వెళ్లవద్దు.

అక్కడి నేల పీతలకు ఎడమ డెక్క పెద్దది, తలుపుగా పనికొచ్చేది అదే. సూర్యలంకలో మీకు దొరికినదానికి ఎడమది పెద్దదా, కుడిది పెద్దదా, లేక రెండూ సమానమా, జాగ్రత్తగా చూసి, వీలైతే పెన్సిలుతో బొమ్మ వేసి, నాకు పంపండి. ఒక్కదాన్ని చూసి రాయవద్దు, నాలుగైదు చూసి రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య.