వలస కుటుంబాల ఉమ్మడి తోట: మీటింగుల్లో నేను తరచూ వినే అపోహలు

తోటలు డిజైన్ చేయడం నా పని. కొన్నేళ్ళుగా మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు పట్టణాల్లో వలస కుటుంబాల కోసం ఉమ్మడి కూరగాయల తోటలు వేయిస్తున్నాను. జాగా కోసం ఎక్కడ మీటింగు పెట్టినా ఈ మాటలే మళ్ళీ మళ్ళీ వస్తాయి.

అపోహ: "మన పాలమూరోళ్ళే బొంబాయి, పుణె పోతరు సార్. ఇక్కడికొచ్చేటోళ్ళెవరు?"

వస్తున్నారు. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్ళలో బిహార్ వాళ్ళు చాలామంది. ఇటుక బట్టీలకు బలంగీర్, నువాపడా వైపు నుంచి ఒడిశా కుటుంబాలు పిల్లాజెల్లాతో దిగుతాయి. శ్రీశైలం ముంపులో ఊళ్ళు పోగొట్టుకుని చెట్టుకొకరు పుట్టకొకరు అయినవాళ్ళూ మన మధ్యే ఉన్నారు. దేశం దాటి వచ్చిన శరణార్థులంటే హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు రోహింగ్యా కుటుంబాలు గుర్తొస్తాయి. 1951 నాటి శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు, కాబట్టి వాళ్ళ కాగితాల కష్టం వేరు. తోట దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే పరిస్థితి. సేద్యం తెలుసు, నేల లేదు.

జర్మనీలోని గ్యోటింగెన్‌లో 1990ల నడుమ, బోస్నియా యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన ఆడవాళ్ళను "ఇక్కడ మీకు ఏది లేక వెలితిగా ఉంది?" అని అడిగితే "మా తోటలు" అన్నారట. అక్కడి ఉమ్మడి తోటలు అలా మొదలయ్యాయి. నేను ఇక్కడ ఒక బట్టీ దగ్గర అదే ప్రశ్న వేశాను. ఒక ఒడిశా అక్క వెంటనే "మునగాకు" అంది. మన వీధుల్లో మునగ చెట్లకు కొదవా? మనం కాయలు తెంపుకుని, ఆకున్న కొమ్మల్ని నరికి రోడ్డు పక్కన పడేస్తాం.

అపోహ: "ఆరు నెలలుండి పోయేటోళ్ళకు తోటెందుకు?"

నేనూ ఇక్కడే దెబ్బతిన్నాను. మొదటి ప్లాన్‌లో జామ, నిమ్మ, సపోటా గీశాను. కాగితం మీద మస్తుగా కనిపించింది. కాయ పట్టేనాటికి నాటినవాళ్ళు ఊళ్ళో లేరు.

బట్టీ పని వానలు పోయాక మొదలై, మళ్ళీ వానలు పడేలోపు ఆగిపోతుంది. అంటే వాళ్ళు ఇక్కడుండేది సరిగ్గా ఎండిన కాలంలో. అందుకే ఇప్పుడు ముందు వాళ్ళ క్యాలెండర్ రాసుకుంటాను, తర్వాతే మొక్కలు. కొయ్యగూర, మెంతికూర 25-30 రోజుల్లో చేతికొస్తాయి. పాలకూర, పుంటికూరలకు 30-40 రోజులు, ముల్లంగికి ఓ 45. బెండ 50 రోజులకల్లా కోతకొస్తుంది. పండ్ల చెట్లు ప్రహరీ వెంటే, ఏడాదంతా ఉండేవాళ్ళ పేరు మీద. బట్టీ వాళ్ళు వెళ్ళాక ఖాళీ అయిన మడుల్లో జనుము చల్లి, పూతకు రాగానే మట్టిలో కలిపేస్తాం. వాళ్ళు తిరిగొచ్చేసరికి నేల సిద్ధంగా ఉంటుంది.

ఎంత జాగా కావాలి అన్నదానికీ లెక్క ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 100 గ్రాముల ఆకుకూర తినమంటుంది. నలుగురున్న ఇంటికి నెలకు 12 కిలోలు. బాగా పోషిస్తే చదరపు మీటరుకు ఒక కోతలో కిలో దాకా వస్తుంది. కాబట్టి ఇంటికి 12 చదరపు మీటర్ల మడి, పది ఇళ్ళకు 120. దారులు, షెడ్డు, కంపోస్టు గుంత కలుపుకుంటే మూడు గుంటల నేల (ఓ 300 చదరపు మీటర్లు) సరిపోతుంది. దీంతో ఎవరూ లక్షాధికారులు కారు. అమ్ముకుని బతుకుతారని ఆఫీసుల్లో చెప్పి జాగా అడగొద్దని మా వాళ్ళకు గట్టిగా చెబుతాను. రేషన్ బియ్యం ఇప్పుడు ఏ రాష్ట్రం కార్డుకైనా ఇక్కడ దొరుకుతాయి. పళ్ళెంలో లేనిది కూర.

అపోహ: "షెడ్డు మీద వాన నీళ్ళు పట్టుకుంటే ఏడాదంతా నడుస్తది."

వినడానికి బాగుంటుంది, లెక్కకు నిలవదు. మహబూబ్‌నగర్ వైపు ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్ల వాన. 100 చదరపు మీటర్ల రేకుల మీద ఒక మిల్లీమీటరు పడితే 100 లీటర్లు, ఏడాదికి 60,000. ఐదో వంతు పోయినా 48,000 మిగలాలి. కానీ 120 చదరపు మీటర్ల మడులు మామూలు రోజుల్లో 600 లీటర్లు తాగుతాయి, ఏప్రిల్‌లో 800 పైనే. ఆ 48,000 మొత్తం దాచినా రెండు నెలల ముచ్చట. అంత ట్యాంకు కట్టే ఖర్చుతో ఇంకో తోట వేయొచ్చు. 5,000 లీటర్ల ట్యాంకైతే వారం.

అందుకే వాన నీళ్ళను ఇంకుడు గుంతలోకి పంపి, పక్కనున్న పాత బోరును బతికిస్తాం. కొత్త బోరు జోలికి పోను. వాల్టా (నీళ్ళు, నేల, చెట్ల రక్షణ) చట్టం కింద అనుమతి తీసుకోవాలి, పైగా పక్కవాడి బోరు ఎండితే గొడవ మన తోట మీదికే వస్తుంది. మడులకు డ్రిప్పు, పైన ఎండుగడ్డి, మార్చి నుంచి షేడ్ నెట్. ఆకుకూరకు ఎండ తగ్గించడమంటే సగం నీళ్ళు పెట్టినట్టే. స్నానాల నీళ్ళు మాత్రం బంగారం. నలభై మంది తలా 20 లీటర్లు పోసుకున్నా రోజుకు 800. వాటిని కంకర, ఇసుక గుంత దాటించి అరటికి, బొప్పాయికి, మునగకు మొదళ్ళ దగ్గర వదులుతాం. పచ్చిగా తినే కీర, కొత్తిమీరలకు ఎప్పుడూ పెట్టం.

అపోహ: "ఫ్లోరైడ్ బోరు నీళ్ళతో పండిస్తే కూరంతా విషమే."

మర్రిగూడ, మునుగోడు వైపు ఈ భయం న్యాయమైనదే, ఆ ఊళ్ళు పడిన బాధ అలాంటిది. కానీ ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా పోయేది తాగే నీళ్ళతో, వండే నీళ్ళతో. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కాచితే పోతుందనుకుంటారు, కాచితే నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మొక్క కొంత పీల్చుకుంటుంది, ఆకుల్లో ఎక్కువ. అందుకే అలాంటి చోట ఆకుకూరలు తగ్గించి బెండ, గోకరకాయ, బీర పెంచుతాను. కూర కడగడానికి, వండడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్ళే.

ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. ఇలాంటి నీళ్ళలో సాధారణంగా కాల్షియం తక్కువ, సోడియం ఎక్కువ. పారేకొద్దీ మట్టి బిగుసుకుపోతుంది. మట్టి పరీక్ష చేయించి, అవసరమైతే జిప్సం వేయాలి.

అపోహ: "మిల్లు బూడిద ఎంత పోస్తే అంత బలం."

ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా. నత్రజని కాలిపోయి ఉంటుంది. కంపోస్టులో కొంచెం కలపండి, ట్రాక్టరు లోడు దింపకండి. బ్యాటరీ షాపులు, పాత గ్యారేజీలు ఉన్న జాగా ఇస్తే సీసం పరీక్ష చేయించకుండా నేల మీద నాటొద్దు. ఇటుకలతో మడి లేపి బయటి మట్టి పోయండి.

అపోహ: "గేటు తెరిచి పెడితే వాళ్ళే వస్తరు."

ఒక తోటకు తొమ్మిది నుంచి ఐదు దాకా టైము పెట్టాం. నెల రోజులు వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరు. హమాలీ భయ్యాలు ఆ టైముకు బస్తాల కింద ఉంటారు, ఆడవాళ్ళు పనిలో. తెల్లవారుజామున ఐదింటికి, సాయంత్రం చీకటి పడే వేళ తెరిస్తే వచ్చారు. ఆడవాళ్ళు మాత్రం అప్పటికీ రాలేదు. ఎందుకని అడిగితే లైటు లేదు, టాయిలెట్ లేదు, తాళం ఒక మగమనిషి జేబులో ఉంది. బోర్డులు ఏ భాషలో రాయాలని మేం రెండు మీటింగులు కొట్టుకున్నాం. చివరికి బొమ్మలు వేశాం. తాళం సంగతి ఒక్కరూ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ తోటకు మూడు తాళం చెవులు. ఒకటి ఒడిశా కుటుంబాల దగ్గర, ఒకటి బిహార్ వాళ్ళ గదిలో, మూడోది గేటెదురు ఇంటి అత్తమ్మ దగ్గర. వానాకాలంలో జనుము కలియదున్నించేది కూడా ఆమే.