ఒకే కారు, రెండు ఇంజన్లు

2004 నాటి సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ కార్లు రెండింటిని పక్కపక్కన నిలబెడదాం. ఒకటి జపాన్‌లో అమ్మింది, రెండోది అమెరికాకు ఎగుమతి చేసింది. రెండూ టోక్యోకు ఎగువన గున్మా ప్రాంతంలో, ఓతా ఊళ్ళో తయారైనవే. అదే నీలం రంగు, అవే బంగారు రంగు వీల్స్, బానెట్ మీద గాలి పీల్చుకునే అదే వెడల్పాటి నోరు, డిక్కీ మీద అదే ఎత్తైన రెక్క. స్టీరింగ్ ఎటువైపు ఉందో చూడకపోతే తేడా పట్టుకోవడం కష్టం. స్టార్ట్ చేస్తే మాత్రం దాగదు. అమెరికా కారు దుబదుబమని తడబడుతున్నట్టు మోగుతుంది. జపాన్ కారు సాఫీగా, ఒకే లయలో నడుస్తుంది.

బానెట్ కింద ఉన్నవి వేరువేరు ఇంజన్లు. జపాన్ కారుది ఈజే207, 1,994 సీసీ. అమెరికా కారుది ఈజే257, 2,457 సీసీ. ఒక కంపెనీ ఒకే కారుకు రెండు ఇంజన్లు పెట్టి, రెండింటినీ విడివిడిగా పరీక్షించి, విడివిడిగా స్పేర్ పార్టులు నిల్వ ఉంచుకోవడమంటే మామూలు ఖర్చు కాదు. ఊరికే ఎవరూ ఆ పని చేయరు. కారణం వెతుక్కుంటూ వెళితే పన్నులు, పెట్రోలు, ర్యాలీ పోటీలు, రోడ్డు చట్టాలు అన్నీ వరుసగా బయటపడతాయి. నాకు ఈ కారు మీద ఇష్టం పుట్టింది దాని వేగం చూసి. ఆ ఇష్టం నిలిచిపోయింది మాత్రం ఈ కారణాల వల్లే.

ముందు పన్ను సంగతి. జపాన్‌లో కారుకు ఏటా కట్టే పన్ను ఇంజన్ సైజును బట్టి ఉంటుంది. 1989కి ముందు 2 లీటర్ల గీత దాటితే ఆ పన్ను రెట్టింపుకు మించిపోయేది. ఈ ఈజే కుటుంబం ఇంజన్లు మొదట సుబారు లెగసీ కారులో వచ్చింది సరిగ్గా 1989 మొదట్లోనే. అంటే దాని కొలతలన్నీ పాత పన్ను రోజుల్లో, 2 లీటర్ల గీతను చూసుకుంటూ గీసినవే. తర్వాత పన్ను తేడా బాగా తగ్గింది కానీ 2 లీటర్ల అలవాటు పోలేదు. మనకిది కొత్త కాదు. 2006 బడ్జెట్‌లో 4 మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీ లోపు పెట్రోల్ ఇంజన్ ఉన్న చిన్న కార్లకు సుంకం తగ్గించాక, 2012లో మారుతి డిజైర్ డిక్కీని కత్తిరించి 4 మీటర్లలో ఇమిడ్చారు. మన రోడ్ల మీద తిరిగే ఆ పొట్టి డిక్కీ సెడాన్లన్నీ పన్ను గీసిన బొమ్మలే.

సుబారు 2 లీటర్ల దగ్గరే ఆగడానికి ర్యాలీ కూడా బలమైన కారణం. అప్పట్లో ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో టర్బో (పొగ ఊపుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని ఒత్తి నింపే యంత్రం) ఉన్న కార్లకు 2 లీటర్లే పరిమితి. 1995 నుంచి వరుసగా మూడేళ్ళు తయారీదారుల టైటిల్ గెలిచిన సుబారుకు, జపాన్ కుర్రాళ్ళు షోరూమ్‌లో అడిగేది ఆ ర్యాలీ కారుకు దగ్గరి బంధువునే. అమెరికాలో ఆ గొడవ లేదు. అక్కడ 2 లీటర్లకు పన్ను గీత లేదు, ర్యాలీకి జపాన్, యూరప్‌లలో ఉన్నంత మోజూ లేదు. పైగా 2.5 లీటర్ల ఇంజన్ అప్పటికే వాళ్ళ లెగసీ, ఫారెస్టర్ కార్లలో తిరుగుతోంది. దాన్నే గట్టిపరిచి టర్బో తగిలించారు.

సైజు పెరిగితే ఇంజన్ స్వభావమే మారిపోతుంది. జపాన్ ఇంజన్‌లో సిలిండర్ వెడల్పు 92 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 75 మిల్లీమీటర్లు. అమెరికా ఇంజన్‌లో అవి 99.5, 79. పిస్టన్ ఒక చుట్టులో రెండుసార్లు ఆ దూరం తిరుగుతుంది, ఒకసారి పైకి, ఒకసారి కిందికి. జపాన్ కారు మీటర్లో ఎర్రగీత, అంటే ఇంజన్ దాటకూడని హద్దు, నిమిషానికి 8,000 చుట్ల దగ్గర ఉంటుంది. లెక్క కడితే పిస్టన్ సగటు వేగం సెకనుకు 20 మీటర్లు. అంటే ప్రతి సెకనులో 266 సార్లు పూర్తిగా ఆగి, దిక్కు మార్చుకుంటూ సాధించే సగటు అది. ఆ ఆగడం, మళ్ళీ లాగడంలోనే, పిస్టన్‌ను క్రాంక్ అనే తిరిగే ఇరుసుకు కలిపే కనెక్టింగ్ రాడ్ల మీద అసలు ఒత్తిడి పడుతుంది. పిస్టన్ బరువెక్కే కొద్దీ, దూరం పెరిగే కొద్దీ ఆ ఒత్తిడీ పెరుగుతుంది. అందుకే పెద్ద ఇంజన్‌కు ఎర్రగీతను 7,000 దగ్గరికి దించేశారు.

దీని ఫలితం డ్రైవింగ్‌లో బాగా తెలుస్తుంది. అమెరికా కారులో గరిష్ఠ టార్క్ (ఇంజన్ తిప్పే బలం), దాదాపు 407 న్యూటన్ మీటర్లు, 4,000 చుట్ల దగ్గరే దొరుకుతుంది. అంతకన్నా కింద, టర్బో ఇంకా ఊపందుకోక ముందు కూడా, అర లీటరు ఎక్కువ ఉన్న ఇంజన్ తన బలంతోనే కారును లాగేస్తుంది. సిగ్నల్ పడగానే కదలాలన్నా, ఫ్రీవే మీద గేరు మార్చకుండా ఓవర్‌టేక్ చేయాలన్నా అదే సుఖం. జపాన్ ఇంజన్ కింద కాస్త బద్ధకంగా ఉంటుంది, చుట్లు పెరిగే కొద్దీ రెచ్చిపోతుంది. కొండ దారిలో గేర్లు మారుస్తూ, సూదిని ఎప్పుడూ 4,000 పైన ఉంచి నడిపేవాళ్ళకు ఇది ప్రాణం. నన్నడిగితే జపాన్ ఇంజన్‌కే నా ఓటు, కానీ రోజూ ఆఫీసుకు వెళ్ళి రావడానికి మాత్రం అమెరికా వాళ్ళదే సుఖమైన బండి.

ఇక ఆ శబ్దం. ఈ ఇంజన్‌లో నాలుగు సిలిండర్లు ఇటు రెండు, అటు రెండుగా పడుకుని ఉంటాయి. ఒక పక్క 1, 3, రెండో పక్క 2, 4. మంట రాజుకునే వరుస 1, 3, 2, 4. అంటే ఒక పక్క రెండూ వెంటవెంటనే పేలతాయి, తర్వాత రెండో పక్క రెండూ. టర్బో ఉండేది ఒక పక్కకే. అమెరికా కారులో దూరపు పక్క పొగ పొడవాటి గొట్టంలో ఇంజన్ కింద నుంచి ఇవతలికి రావాలి, కాబట్టి ఆలస్యంగా చేరుతుంది. సమానంగా పేలిన నాలుగు పేలుళ్ళు టర్బో దగ్గరికి వచ్చేసరికి ఎడం తప్పుతాయి. ఆ దుబదుబ అదే. అమెరికాలో, యూరప్‌లో సుబారు అభిమానులు ప్రాణంగా చూసుకునే ఆ శబ్దం పుట్టింది గొట్టాల పొడవు సమానంగా లేకపోవడం నుంచి.

జపాన్ ఎస్‌టీఐకి 2000 దశకం మొదట్లోనే ట్విన్ స్క్రోల్ టర్బో పెట్టారు. అందులో పొగ లోపలికి వెళ్ళే దారి రెండుగా చీలి ఉంటుంది. దాని అవసరం ఇది. ఎగ్జాస్ట్ వాల్వ్ క్రాంక్ అర చుట్టు కన్నా ఎక్కువసేపే తెరిచి ఉంటుంది. కానీ అర చుట్టుకొకసారి తర్వాతి సిలిండర్ పేలిపోతుంది. కాబట్టి ఒక సిలిండర్ తన చివరి పొగను నెమ్మదిగా బయటికి తోస్తున్నప్పుడే, వరుసలో తర్వాతిది తలుపు తెరిచి పెద్ద ఒత్తిడితో ఊదుతుంది. గొట్టం ఒకటే అయితే ఆ ఒత్తిడి మొదటి సిలిండర్లోకే ఎదురు తన్నుతుంది. ఫస్ట్ షో జనం ఇంకా బయటికి వస్తుండగానే సెకండ్ షో జనాన్ని అదే గేటులోంచి తోస్తే ఎలా ఉంటుందో అలా. లోపల చిక్కుకుపోయిన వేడి పొగ తర్వాత వచ్చే కొత్త గాలిని, పెట్రోలును వేడెక్కిస్తుంది. విరుగుడుగా 1, 2 సిలిండర్ల పొగను ఒక దారిలో, 3, 4 పొగను ఇంకో దారిలో పంపారు. ఇప్పుడు ఒక్కో దారిలో పూర్తి చుట్టుకొక పేలుడే వస్తుంది, ఒకదానికొకటి అడ్డు తగలవు. టర్బో త్వరగా అందుకుంటుంది, చిన్న ఇంజన్‌కు కింద ఉన్న బద్ధకం కొంత తీరుతుంది. ఇలా జత కలపాలంటే గొట్టాలు ఇంజన్ కింద అటూ ఇటూ దాటాలి, పొడవులు సమం చేయాలి. దాంతో దుబదుబ మాయమైంది. మెరుగైన ఇంజనీరింగ్ వచ్చి, అందరూ ఇష్టపడే శబ్దాన్ని తీసుకుపోయింది.

హార్స్ పవర్ అంకెల దగ్గర జపాన్‌కు ఇంకో విచిత్రం ఉంది. జపాన్ ఎస్‌టీఐ కేటలాగులో 280 పీఎస్ (అక్కడి కొలత, హార్స్ పవర్‌కు దాదాపు సమానం) అని ఉండేది. 1996లో అదే, 2004లోనూ అదే. 1988లో అక్కడ రోడ్డు ప్రమాదాల మృతులు మళ్ళీ 10 వేలు దాటారు. ప్రభుత్వం ఒత్తిడి తేవడంతో, 1989లో నిస్సాన్ 280 పీఎస్‌తో కొత్త ఫెయిర్‌లేడీ జెడ్ తెచ్చాక, అంతకు మించి ఎవరూ వెళ్ళకూడదని కార్ల కంపెనీలు పెద్దమనుషుల ఒప్పందానికి వచ్చాయి. చట్టం కాదు, మాట మాత్రమే. అది 15 ఏళ్ళు నిలిచింది. 2004లో హోండా 300 పీఎస్‌తో లెజెండ్ తెచ్చేదాకా ఎవరూ కేటలాగులో ఆ గీత దాటలేదు.

అంకె మీద మూత పెట్టారు కానీ టార్క్ మీద ఎవరూ పెట్టలేదు. ఎస్‌టీఐ టార్క్ 1996లో 343 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటే, దశాబ్దం తిరిగేసరికి 410 దాటింది. పవర్ అంటే టార్క్‌ను చుట్లతో గుణిస్తే వచ్చేదే. పై చుట్ల దగ్గర అంకె కదలకుండా ఉంచి, మధ్యలో గ్రాఫును లావెక్కించారు. అంటే 280 అని రాసి ఉన్న కొత్త కారు, 280 అని రాసి ఉన్న పాత కారును సునాయాసంగా దాటేస్తుంది. అమెరికా కేటలాగులో ఆ మొహమాటం లేదు, సూటిగా 300 హార్స్ పవర్ అని వేశారు. అందుకే కేటలాగుల్లోని అంకెలు పక్కపక్కన పెట్టి జపాన్ కారు తక్కువదని తీర్పు చెప్పేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది.

వేగానికి కూడా అలాంటి మూతే ఉంది. జపాన్ కార్లు 180 కిలోమీటర్ల దగ్గరికి రాగానే కంప్యూటర్ పెట్రోలు తగ్గించేస్తుంది. స్పీడోమీటర్లో అంకెలు కూడా చాలా కార్లలో అక్కడితో ఆగిపోతాయి. 2007లో వచ్చిన నిస్సాన్ జీటీ-ఆర్ జపాన్ మోడల్ అయితే, తాను రేస్ ట్రాక్‌లో ఉన్నానని జీపీఎస్ ద్వారా గుర్తిస్తే తప్ప ఆ పరిమితిని ఎత్తనివ్వదు.

అన్నిటికన్నా తక్కువగా మాట్లాడుకునేది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది, పెట్రోలు. జపాన్ బంకుల్లో ప్రీమియం పెట్రోలు మామూలుగా 100 ఆక్టేన్. ఒత్తిడికి తనంతట తాను అంటుకోకుండా పెట్రోలు ఎంత ఓర్చుకుంటుందో చెప్పే అంకె అది. అమెరికాలో కాలిఫోర్నియా బంకులో ప్రీమియం అంటే 91. చూస్తే నేలకూ ఆకాశానికీ ఉన్నంత తేడా, కానీ కొలిచే పద్ధతే వేరు. జపాన్‌లో, మన దేశంలో రాసేది రాన్ అంకె. అమెరికా బంకు మీద రాసేది రాన్, మాన్ అనే రెండు పరీక్షల సగటు. మాన్ పరీక్షలో ఇంజన్‌ను మరింత వేడిగా, వేగంగా నడుపుతారు కాబట్టి అంకె తక్కువ వస్తుంది. అమెరికా 91 మన లెక్కలో సుమారు 95, 96 అవుతుంది. అప్పటికీ జపాన్ కన్నా తక్కువే.

ఆక్టేన్ తక్కువైతే పెట్రోలు తొందరపడుతుంది. ప్లగ్ వెలిగించిన మంట సిలిండర్ అంతా పాకేలోపే, మూలన ఇంకా కాలని మిశ్రమం ఒత్తిడికి, వేడికి తనంతట తానే భగ్గుమంటుంది. నాకింగ్ అంటే అదే. టర్బో ఇంజన్‌లో ఒత్తిడి ముందే ఎక్కువ, కాబట్టి పిస్టన్ రింగుల మధ్య గట్లు విరిగిపోయే ప్రమాదం ఉంటుంది. జపాన్ ఇంజన్ 8,000 చుట్ల దాకా అంత ధీమాగా వెళ్ళేది 100 ఆక్టేన్ అండ చూసుకునే. అమెరికాలో ఆ అండ లేదు. అలాంటప్పుడు టర్బో ఒత్తిడిని మరీ పెంచకుండా, ఇంజన్ సైజు పెంచి బలం రాబట్టడం సురక్షితమైన దారి. సిలిండర్ వెడల్పయితే మంట పాకే దూరం పెరిగి నాకింగ్‌కు కొంత వీలు చిక్కుతుంది, ఆ నష్టాన్ని వాళ్ళు భరించారు.

పొగ నిబంధనలదీ ఒక పాత్ర ఉంది. 2001లో అమెరికాకు తొలిసారి వెళ్ళిన 2 లీటర్ల డబ్ల్యూఆర్‌ఎక్స్‌లో (ఎస్‌టీఐ కన్నా ఒక మెట్టు కింది మోడల్) టర్బో కన్నా ముందే, గొట్టంలో పొగలోని విషవాయువులను తగ్గించే ఒక చిన్న క్యాటలిటిక్ కన్వర్టర్ దూర్చారు. కన్వర్టర్ పని మొదలుపెట్టాలంటే 250, 300 డిగ్రీల దాకా వేడెక్కాలి. కారు వదిలే విషవాయువుల్లో పెద్ద వాటా స్టార్ట్ చేసిన తొలి నిమిషంలోనే వెలువడుతుంది. ఇంజన్‌కు దగ్గరగా ఉంటే త్వరగా వేడెక్కుతుందని అక్కడ పెట్టారు. కానీ అడ్డు పెరిగి, ఆ వేడిలో కొంత టర్బోకు దక్కకుండా పోతుంది. జపాన్‌లో 250 పీఎస్ ఇచ్చిన డబ్ల్యూఆర్‌ఎక్స్ అమెరికాలో 227 హార్స్ పవర్ దగ్గర ఆగింది.

చిన్నాచితకా తేడాలు ఇంకా ఉన్నాయి. అమెరికాలో కారు పక్కన నాలుగు మూలలా దీపాలు, రిఫ్లెక్టర్లు రెండూ ఉండాలి, ముందు నారింజ, వెనక ఎరుపు. హెడ్‌లైట్ గోడ మీద పడితే వెలుగు గీత ఒక పక్క కాస్త పైకి లేస్తుంది, ఎదురొచ్చే వాళ్ళ కళ్ళలో పడకుండా రోడ్డు అంచు కనబడటానికి. జపాన్‌లో, మనకు, అది ఎడమ పక్క లేస్తుంది. అమెరికాలో కుడి పక్క. నాకు అన్నిట్లోకి నచ్చింది జపాన్ కారులో ముందు సీటు కాళ్ళ దగ్గర క్లిప్పుకు తగిలించి ఉండే ఎర్రని గొట్టం. కారు హైవే మీద ఆగిపోతే వెలిగించి వెనక పెట్టే మంటదీపం అది, కనీసం 5 నిమిషాలు మండుతుంది. అక్కడ ప్రతి కారులో అలాంటి అత్యవసర సంకేతం ఉండాలని నిబంధన. అమెరికా కారులో ఆ క్లిప్పే ఉండదు.

జపాన్ మోడల్ కారునే నేరుగా అమెరికాకు తెచ్చుకుందామంటే 1988 నాటి చట్టం అడ్డం. అక్కడి భద్రతా నిబంధనలకు తగ్గట్టు తయారుకాని కారుకు 25 ఏళ్ళు నిండితే తప్ప మామూలుగా రానివ్వరు. 1998లో జపాన్‌లో 400 మాత్రమే అమ్మిన ఇంప్రెజా 22బి, ఎస్‌టీఐలలో అందరూ కలవరించే రెండు తలుపుల కారు, 2023 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంజన్‌కు మాత్రం అంత నిరీక్షణ లేదు. జపాన్‌లో కొత్త కారుకు మొదట మూడేళ్ళకు, తర్వాత రెండేళ్ళకొకసారి ఖరీదైన తనిఖీ ఉంటుంది, చాలామంది కారు బాగున్నా వదిలించుకుంటారు. వాటి నుంచి విప్పిన ఈజే207లు ఓడల్లో అమెరికా చేరతాయి. తమ 2.5 ఇంజన్ పాడైన ఎస్‌టీఐ ఓనర్లు కొందరు మరమ్మతు చేయించే బదులు దీన్ని వేయించుకుంటారు. ట్విన్ స్క్రోల్ కావాలంటే ఎగ్జాస్ట్ గొట్టాలు మార్చాలి, వైరింగ్ సరిచూడాలి, ఆ రాష్ట్రపు పొగ పరీక్ష సంగతి తేల్చుకోవాలి. ఆఖరున కంప్యూటర్‌లో ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్ ఎప్పుడు వెలగాలనేది), టర్బో ఒత్తిడి కొత్తగా సెట్ చేయించాలి. ఎందుకంటే జపాన్ లెక్కలు 100 ఆక్టేన్‌ను నమ్ముకుని రాసినవి. ఆ పని చేసే ట్యూనర్ కారు ఎక్కే ముందే తెలుసుకోవాల్సింది, మీరుండే ఊళ్ళో ఏ పెట్రోలు దొరుకుతుందనే.