కొలిస్తే ఊడిపోయే వల

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో ఒకరు నన్ను బాగా పట్టుకున్నారు. "కొలిస్తే క్వాంటం స్థితి చెదిరిపోతుందని కిందటి ఉత్తరంలో రాశారు. ఇప్పుడేమో కొలతలతోనే నడిచే క్వాంటం కంప్యూటర్ ఉందంటున్నారు. రెండూ ఎలా నిజం?" అని. రెండూ నిజమే. చెదరడమే అక్కడ పని.

ఒక వలను తలచుకోండి. ప్రతి ముడీ ఒక క్యూబిట్, అంటే క్వాంటం కంప్యూటర్ సమాచారం దాచుకునే అతి చిన్న ప్రమాణం. ముడికీ ముడికీ మధ్య దారం, ఇరుగుపొరుగు క్యూబిట్ల మధ్య వేసిన క్వాంటం బంధం. ముందు వల మొత్తం అల్లేస్తారు. ఏ లెక్క చేయబోతున్నారో అప్పటికి తెలియకపోయినా ఫరవాలేదు. ఆ తర్వాత చేసేదల్లా ఒక్కొక్క ముడినీ కొలుస్తూ పోవడమే. కొలిచిన ముడి ఊడిపోతుంది, తిరిగి వేయలేం. అందుకే 2001లో ఈ పద్ధతిని ప్రతిపాదించిన శాస్త్రజ్ఞులు రౌసెన్‌డార్ఫ్, బ్రీగెల్ దీన్ని వన్‌-వే క్వాంటం కంప్యూటర్ అన్నారు. ఆ వల పేరు క్లస్టర్ స్థితి.

కిటుకంతా ఎలా కొలుస్తామన్నదానిలో ఉంది. ఒక తీరున కొలిస్తే ముడి దారాలతో సహా పోయి, అక్కడ ఖాళీ మిగులుతుంది. వేరొక తీరున, ఎంచుకున్న కోణంలో కొలిస్తే, అందులోని సమాచారం పక్క ముడికి జరుగుతుంది. జరుగుతూ ఆ కోణాన్ని బట్టి మారుతుంది. ఆ మార్పే లెక్కలో ఒక మెట్టు. ఫలితం 0 వస్తుందో 1 వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. వచ్చినదాన్ని చూసి తర్వాతి కోణం సరిచేసుకుంటారు. అడుగడుగునా ఏది వస్తుందో తెలియకుండానే చివరికి నమ్మదగిన జవాబు రావడం నాకు ఇప్పటికీ ముచ్చటే.

చిన్నప్పుడు మా అన్నయ్య వల అల్లుతుంటే పక్కన కూర్చుని దారం అందించేవాణ్ణి. ఇంకా బోలెడు ముడులు వేస్తే గట్టిగా ఉంటుంది కదా అని ఒకసారి అడిగాను. "అప్పుడది వల కాదురా, ఉండ" అన్నాడు, తలెత్తకుండానే. 2009లో శాస్త్రజ్ఞులు గణితంతో నిరూపించినది దాదాపు ఇదే. క్వాంటం స్థితుల్లో అత్యధికం ఈ పనికి రావు. బంధం చాలక కాదు, మరీ ఎక్కువై! వాటిని కొలిచే బదులు ఊరికే తోచిన 0లూ 1లూ రాసుకున్నా అంతే లాభం. మీ చదువులోనూ ఎంత పోగేశారని కాదు, ఏది దేనితో కలిసిందో చూసుకోండి.

కాంతి కణాలను కొలవడం తేలిక, ఒకదానితో ఒకటి కలపడం కష్టం. ఇక్కడ కలిపే పని ముందే ముగించుకుని, తర్వాత కొలుస్తూ పోతే చాలు. అందుకే కాంతితో పనిచేసేవారికి ఈ దారి నచ్చింది. 2005లో వియన్నాలో నాలుగు ఫోటాన్ల చిన్న వలతో చేసి చూపారు కూడా.

ఇక గళ్ల కాగితం తీయండి. మూడు వరుసల్లో చుక్కలు పెట్టి, పక్కవాటినీ కింది వాటినీ గీతలతో కలపండి. మధ్య వరుసలో ఒక్క చుక్క ఉంచి, మిగిలినవి వాటి గీతలతో సహా చెరిపేయండి. పైనా కిందా మిగిలిన దారులు రెండు క్యూబిట్ల ప్రయాణాలు. ఆ ఒక్క చుక్క దగ్గరే వాటికి ఒకదానితో ఒకటి పని పడుతుంది. ఇప్పుడు దాన్నీ చెరిపి, ఆ రెండు దారులతో ఇక ఏ లెక్క కుదరదో నాకు రాయండి.

మీ తాతయ్య