వెబ్‌సైట్ కోడ్, డిజైన్ కాపీ చేయడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: బ్రౌజర్‌లో ‘వ్యూ సోర్స్’ నొక్కితే కనిపించే కోడ్‌ను ఎవరైనా వాడుకోవచ్చు.

వాస్తవం: పేజీ తెరుచుకోవాలంటే దాన్ని నిర్మించే హెచ్‌టీఎంఎల్, రూపాన్ని తీర్చే సీఎస్‌ఎస్, పనులు చేయించే జావాస్క్రిప్ట్ కోడ్ మన కంప్యూటర్‌కు చేరక తప్పదు, అంతమాత్రాన వాటిపై హక్కు మనకు రాదు. మన 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య కృతుల కోవలో చేర్చింది. రిజిస్ట్రేషన్ లేకపోయినా, పేజీ అడుగున కాపీరైట్ గుర్తు పెట్టకపోయినా, రాసిన వెంటనే హక్కు ఏర్పడుతుంది. కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో లైసెన్స్ ఫైలు (వాడుకునే షరతులు చెప్పేది) లేని కోడ్ కనిపిస్తే, దాన్ని మన ప్రాజెక్టులో కలుపుకోవడానికి అనుమతి లేదనే అర్థం చేసుకోవాలి.

అపోహ: రంగులు మార్చి, ముప్పై శాతం తిరగరాస్తే సమస్య ఉండదు.

వాస్తవం: మా రంగంలో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే మాట ఇదే, కానీ అలాంటి శాతం చట్టంలో ఎక్కడా లేదు. ఒక నాటకానికీ సినిమాకూ మధ్య వచ్చిన ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్ కేసులో 1978లో సుప్రీంకోర్టు, ఆలోచనకు కాపీరైట్ ఉండదని, దాన్ని వ్యక్తం చేసిన తీరుకే ఉంటుందని చెబుతూ, రెండింటినీ చూసినవారికి రెండోది మొదటిదానికి నకలేనన్న స్పష్టమైన అభిప్రాయం కలుగుతుందా అన్నదాన్ని గీటురాయిగా తీసుకుంది. కాబట్టి పైన మెనూ, పక్కన సైడ్‌బార్, కింద మూడు కార్డులు అనే అమరిక ఎవరి సొత్తూ కాదు. దాన్ని గమనించి మన కోడ్ మనం రాసుకోవచ్చు. అదే సైట్ నుంచి ఐకాన్లు, ఫొటోలు, వాక్యాలు, సీఎస్‌ఎస్ ఫైలు తెచ్చి పేర్లు మార్చి పెట్టుకుంటే మాత్రం అది కాపీయే. చట్టం దాకా వెళ్లకపోయినా, వేరొకరి శ్రమను మన పనిగా చూపి క్లయింటు దగ్గర డబ్బు తీసుకోవడం తప్పేనని నా నిశ్చితాభిప్రాయం.

అపోహ: ఓపెన్ సోర్స్ (అందరూ వాడుకునేలా బయటపెట్టిన) కోడ్ అయితే షరతులేమీ ఉండవు.

వాస్తవం: ఎంతో ఉదారమైన ఎంఐటీ లైసెన్స్ కూడా రచయిత కాపీరైట్ ప్రకటననూ లైసెన్స్ పాఠాన్నీ కోడ్‌తోపాటు ఉంచమంటుంది. ఫైళ్లను మినిఫై చేసేటప్పుడు, అంటే అనవసరమైనవి తీసి చిన్నవిగా చేసేటప్పుడు, టూల్ కోడ్‌లోని కామెంట్లన్నీ (రాసినవారి వివరణలు) తీసేస్తే ఆ ప్రకటన కూడా మాయమవుతుంది కనుక, సైట్ పెట్టేముందు అది మిగిలిందో లేదో చూసుకోవాలి. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో జవాబుల్లోని కోడ్‌కూ క్రియేటివ్ కామన్స్ అనే లైసెన్స్ షరతులు వర్తిస్తాయి. మన రామభద్ర, మల్లన్న వంటి తెలుగు ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉన్నాయి. వాటిని వ్యాపార సైట్లలోనూ వాడుకోవచ్చు, కానీ ఫాంటును విడిగా అమ్మకూడదు.