ట్రక్కు ఎయిర్ సస్పెన్షన్ విడిభాగాల కొనుగోలు: అపోహలు – వాస్తవాలు

పికప్ ట్రక్కుకు ఎయిర్ సస్పెన్షన్ (గాలి నింపిన రబ్బరు బ్యాగుల మీద బండిని నిలిపే అమరిక) కట్టించుకోవాలని వర్క్‌షాపుకు వచ్చేవారిలో చాలామంది అప్పటికే సగం సామాను కొని తెస్తారు. అందులో కంప్రెసర్, ట్యాంకు, రిమోట్ తప్పకుండా ఉంటాయి. ఇరుసును పట్టి ఉంచే లింకులు (కడ్డీలు), షాక్ అబ్జార్బర్లకు కొత్త బ్రాకెట్లు, బండి మరీ కిందికి దిగినప్పుడు దెబ్బ తగలకుండా ఆపే బంప్ స్టాపులు మాత్రం కనిపించవు. ఈ పనిలో నాసిరకం సరుకు వల్ల పోయే డబ్బు కంటే, కొనుగోలును తలకిందులుగా మొదలుపెట్టడం వల్ల పోయే డబ్బే ఎక్కువని నా గట్టి అభిప్రాయం. ముందు బండి కొలతలు తీయాలి, వాటిని బట్టి లింకులు, బ్యాగులు నిర్ణయించుకోవాలి, గాలి సరఫరా చేసే సామాను జోలికి ఆ తరువాతే వెళ్లాలి. ఈ వరుస తప్పించే అపోహలు కొన్నింటిని ఇక్కడ చెబుతున్నాను.

అపోహ: కమాను కట్టలు తీసేసి వాటి స్థానంలో ఎయిర్ బ్యాగులు పెడితే సరిపోతుంది.

వాస్తవం: కమాను కట్ట బరువు మోయడంతో పాటు ఇరుసును ముందుకూ వెనక్కూ జరగకుండా, పక్కకు పోకుండా, బ్రేకు వేసినప్పుడూ వేగం పెంచినప్పుడూ మెలి తిరగకుండా పట్టి ఉంచుతుంది. బ్యాగ్ బరువు మాత్రమే మోస్తుంది. మిగిలిన పనులేవీ దానికి చేతకావు. అందుకే కమాన్లు పూర్తిగా తీసేసే బండికి నాలుగు లింకులతో ఇరుసును చాసిస్‌కు పట్టి ఉంచే ఫోర్ లింక్ వంటి అమరిక తప్పనిసరి. నాలుగు లింకులూ సమాంతరంగా ఉంటే ఇరుసు పక్కకు జరగకుండా పాన్‌హార్డ్ రాడ్ అనే అడ్డ కడ్డీ కూడా వేయాలి. పై రెండు లింకులను ఏటవాలుగా పెట్టే త్రికోణపు అమరికలో ఆ రాడ్ అవసరం ఉండదు. పాన్‌హార్డ్ రాడ్ ఒక కొస చాసిస్‌కు, మరో కొస ఇరుసుకు బిగించి ఉంటుంది కాబట్టి, బండి లేచి దిగుతున్నప్పుడు ఇరుసు ఒక చాపంలో కొద్దిగా పక్కకు కదులుతుంది. రాడ్ వీలైనంత పొడవుగా ఉండి, బండి నడిచే ఎత్తులో నేలకు సమాంతరంగా ఉంటే ఆ కదలిక స్వల్పంగానే ఉంటుంది. రాడ్‌కు బదులు వేసే వాట్స్ లింక్ అనే అమరిక ఇరుసును ఇంచుమించు నిటారుగా నడిపిస్తుంది గానీ దానికి ఎక్కువ చోటు కావాలి.

లింకుల కొసల్లో కీలులా వేసే బుష్‌ల విషయంలోనూ తొందర పనికిరాదు. లోహపు రాడ్ ఎండ్లు చూడటానికి బలంగా కనిపిస్తాయి, రేసు బండికి బాగుంటాయి. కానీ రోజూ రోడ్డు మీద తిరిగే బండిలో అవి ప్రతి కుదుపునూ చాసిస్‌కు చేరవేస్తాయి, దుమ్ముకూ తడికీ త్వరగా అరిగి శబ్దం చేస్తాయి. అలాంటి బండికి రబ్బరు బుష్ లేదా పాలీయురేథేన్ బుష్ ఉన్న లింకులే నేను సూచిస్తాను. బండిని బాగా కిందికి దించాలనుకుంటే ఇరుసు తగలకుండా చాసిస్‌ను కోసి, లోపలి నుంచి బలపరచవలసి ఉంటుంది. వెనుక ఇరుసుకు ఇంజిన్ శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం కూడా మారుతుంది. ఈ పనులకయ్యే ఖర్చు చాలాసార్లు గాలి సామాను ఖర్చును మించిపోతుంది కనుక, మొదట లెక్కలోకి తీసుకోవలసింది వీటినే.

అపోహ: ఎంత ఎక్కువ బరువు మోయగల బ్యాగ్ కొంటే అంత మంచిది.

వాస్తవం: బ్యాగ్ మోసే బరువు లోపలి గాలి పీడనాన్ని దాని ప్రభావ వైశాల్యంతో (బరువును మోసే వైశాల్యంతో) గుణిస్తే వస్తుంది. ఒక ఎత్తు దగ్గర ప్రభావ వైశాల్యం 20 చదరపు అంగుళాలు ఉన్న బ్యాగ్‌లో 100 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) గాలి ఉంటే అది 2,000 పౌండ్లు, అంటే సుమారు 900 కిలోలు మోస్తుంది. ఎత్తు మారితే వైశాల్యమూ మారుతుంది. అందువల్ల తయారీదారు ఇచ్చే పట్టికలో గరిష్ఠ బరువు ఒక్కటే చూస్తే ఉపయోగం లేదు. మీ బండి నడిచే ఎత్తులో, ఆ మూలన పడే బరువుకు ఎంత పీడనం కావలసి వస్తుందో చూడాలి. అది బ్యాగ్ పీడన పరిధిలో మధ్య ప్రాంతంలో ఉంటేనే ప్రయాణం మెత్తగా ఉంటుంది, పైకీ కిందికీ కదలడానికి చోటూ మిగులుతుంది. దీనికోసం నాలుగు మూలల బరువును విడివిడిగా తూయించాలి. బ్రోచరులో రాసిన మొత్తం బరువును నాలుగుతో భాగిస్తే తప్పుడు లెక్క వస్తుంది, ఎందుకంటే ఖాళీ పికప్‌లో ముందు భాగమే బరువుగా ఉంటుంది.

ముందు చక్రాల దగ్గర మరో చిక్కు ఉంది. బ్యాగ్ కింది ఆర్మ్ మీద, పైవట్‌కూ (ఆర్మ్ చాసిస్‌కు తగిలే కీలు) బాల్ జాయింట్‌కూ (చక్రం వైపు కీలు) సరిగ్గా మధ్యన కూర్చుంటే, చక్రం దగ్గర 500 కిలోల బరువుకు బ్యాగ్ దాదాపు 1,000 కిలోలు మోయాలి; చక్రం 6 అంగుళాలు కదిలితే బ్యాగ్ 3 అంగుళాలే కదులుతుంది. వెనుక ఇరుసు మీద నేరుగా కూర్చునే బ్యాగ్ లెక్క ఇందుకు పూర్తిగా వేరు. అందుకే నాలుగు మూలలకూ ఒకే బ్యాగ్ వేసే సెట్లను నేను అనుమానంగానే చూస్తాను.

మడతలున్న బెలోస్ రకం బ్యాగులు కోణం మారినా, పై ప్లేటూ కింది ప్లేటూ కొద్దిగా ఎదురెదురుగా లేకపోయినా తట్టుకుంటాయి. కాబట్టి ఆర్మ్ చాపంలో తిరిగే ముందు వైపుకు అవి అనువుగా ఉంటాయి. గొట్టంలా ఉండి పిస్టన్ మీదికి మడుచుకునే స్లీవ్ రకం పొడవైన కదలికనూ మెత్తని నడకనూ ఇస్తుంది గానీ ప్లేట్లు సరిగ్గా ఒకదానిపై ఒకటి లేకపోతే సహించదు. రెండింటికీ ఉమ్మడి శత్రువు రాపిడి. పూర్తిగా గాలి నింపినప్పుడు బ్యాగ్ చుట్టూ కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి. పెద్ద బ్యాగ్ కొని చాసిస్‌కు ఆనించి బిగిస్తే దాని లోడ్ రేటింగ్ ఎంత ఉన్నా రబ్బరు కొద్ది కాలంలోనే కోసుకుపోతుంది. బ్యాగ్‌నే బంప్ స్టాపుగా వాడుకోవడమూ సరికాదు. అలాగే ఎయిర్ స్ప్రింగ్ కుదుపును అణచలేదు కనుక షాక్ అబ్జార్బర్ ఉండి తీరాలి. బ్యాగ్ దాని చోటును ఆక్రమిస్తుంది కాబట్టి షాక్‌ను మరో చోటికి మార్చే బ్రాకెట్లు కూడా జాబితాలో చేరాలి.

అపోహ: బ్యాగులు వేస్తే ట్రక్కు ఎక్కువ బరువు మోస్తుంది.

వాస్తవం: ఇరుసు, టైర్లు, బ్రేకులు, చాసిస్ ఏవీ మారలేదు కాబట్టి తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ బరువూ మారదు. కమాన్లకు తోడుగా వేసే సహాయక బ్యాగులు బరువు ఎక్కినప్పుడు బండి వెనుక భాగం కుంగకుండా నిలబెడతాయి. అది చూసి సామర్థ్యం పెరిగిందనుకోవడం ప్రాణాంతకం కావచ్చు.

అపోహ: పెద్ద కంప్రెసర్ కొంటే బండి వేగంగా లేస్తుంది.

వాస్తవం: బండిని లేపేది ట్యాంకులో నిల్వ ఉన్న గాలి, కంప్రెసర్ చేసేది ఆ ట్యాంకును తిరిగి నింపడం. 19 లీటర్ల ట్యాంకులో 150 పీఎస్ఐ ఉందని, బ్యాగులకు 100 పీఎస్ఐ కావాలని అనుకుందాం. ట్యాంకు 100కు పడిపోయేలోగా మనకు వాడుకకు వచ్చేది మామూలు వాతావరణ పీడనంలో కొలిస్తే సుమారు 65 లీటర్ల గాలి. అదే ట్యాంకును 200 పీఎస్ఐ వరకు నింపితే సుమారు 130 లీటర్లు దొరుకుతాయి. అయితే ట్యాంకు, వాల్వులు, ఫిట్టింగులు, సేఫ్టీ వాల్వ్ అన్నీ ఆ పీడనానికి తగినవై ఉండాలి. ఒక్కటి తక్కువైనా మొత్తం వ్యవస్థను దాని స్థాయికే దించాలి.

కంప్రెసర్ కొనేటప్పుడు పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉండే గాలి ప్రవాహం సాధారణంగా ఎదురు పీడనం లేనప్పటిది. 100 లేదా 150 పీఎస్ఐ దగ్గర ఎంత వస్తుందో అడగండి, అది చాలా తక్కువగా ఉంటుంది. డ్యూటీ సైకిల్ (ఎంత సేపు నడవవచ్చో చెప్పే శాతం) కూడా చూడాలి: 33 శాతం అని ఉంటే 15 నిమిషాలు నడిచిన తరువాత 30 నిమిషాలు ఆగాలని అర్థం. రెండు కంప్రెసర్లు పెడితే ఒక్కొక్కదానికి వేరే రిలే, బ్యాటరీకి దగ్గరగా వేరే ఫ్యూజ్ ఉండాలి.

అపోహ: గాలి వెళ్లే లైను (గొట్టం) ఎంత లావుగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: గాలి దారిలో అన్నిటికన్నా ఇరుకైన చోటే వేగాన్ని నిర్ణయిస్తుంది. వాల్వ్ లోపలి రంధ్రం చిన్నదైతే అర అంగుళం లైను వేసినా లాభం లేదు. రంధ్రం కూడా పెద్దదైతే బండి ఒక్కసారిగా ఎగిరి, కావలసిన ఎత్తులో ఆపడం కష్టమవుతుంది. రోజూ నడిపే బండికి 3/8 అంగుళం లైను చాలు.

లావు కన్నా లైను రకం ముఖ్యం. ఎస్‌ఏఈ జే844 ప్రమాణం ముద్రించిన ఎయిర్ బ్రేకు నైలాన్ ట్యూబ్, దానికి తగిన ఫిట్టింగులు తీసుకోండి. నీటి సరఫరాకు వాడే ప్లాస్టిక్ గొట్టాలు ఇక్కడ పనికిరావు. ట్యూబ్‌ను కట్టర్‌తో నిటారుగా కోయాలి, ఏటవాలుగా తెగితే పుష్ ఫిట్టింగ్ తప్పకుండా లీకవుతుంది. మరలకు చుట్టే టేపు ముక్కలు లోపలికి పోయి సోలినాయిడ్ వాల్వ్‌లో (కరెంటుతో తెరుచుకునే వాల్వ్) ఇరుక్కుంటాయి కాబట్టి నేను ద్రవ సీలెంటునే వాడతాను. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి బాగా వేడిగా ఉంటుంది. దానితో వచ్చే లోహపు అల్లిక గొట్టాన్ని తీసేసి నైలాన్ ట్యూబ్ తగిలించకండి.

అపోహ: పీడనం చూపే కంట్రోలర్ ఉంటే బండి ఎత్తు దానంతటదే సరిగా ఉంటుంది.

వాస్తవం: సరుకు ఎక్కితే అదే పీడనం దగ్గర బండి కుంగుతుంది. ఖాళీగానే తిరిగే బండికి పీడనం ఆధారంగా పనిచేసే కంట్రోలర్ సరిపోతుంది. బరువు తరచూ మారే ట్రక్కుకు ప్రతి మూలనా ఎత్తు కొలిచే సెన్సర్లున్న రకం కొనాలి.

అపోహ: పాత సామాను కొంటే డబ్బు ఆదా అవుతుంది.

వాస్తవం: కొన్నింటి విషయంలో అవుతుంది. వంగని, పగుళ్లు లేని లింకులను కొత్త బుష్‌లతో నిశ్చింతగా వాడవచ్చు. బ్యాగులను మాత్రం మడతలు పూర్తిగా విప్పి చూడకుండా తీసుకోవద్దు. రబ్బరు లోపలి దారాలు బయటపడినా, ప్లేటు అంచు దగ్గర సన్నని బీటలు కనిపించినా వదిలేయండి. స్టీలు ట్యాంకు లోపల తడి నిలిచి తుప్పు పడుతుంది, బయటి రంగు దాన్ని దాచేస్తుంది. అడుగున డ్రెయిన్ లేని పాత ట్యాంకును, ఎక్కడైనా తిరిగి వెల్డింగ్ చేసిన ట్యాంకును ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. వాడిన సోలినాయిడ్ వాల్వుల సెట్టు అమ్మేవారిని, దానికి గాలి ఎక్కించి సబ్బు నీళ్లు పూసి చూపమని అడగండి. బుడగలు రాకపోయినా రాత్రంతా గేజీ కదలకుండా నిలబడిందని చూసుకున్నాకే డబ్బు చెల్లించండి.