నల్లా వెనక నడిచే కంప్యూటర్లు

హైదరాబాద్‌లో మన నల్లాకు వచ్చే నీళ్లలో చాలా భాగం వంద కిలోమీటర్లు దాటి వస్తుంది. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి. దారిలో వాటిని పంపులతో ఎత్తిపోయాలి, శుద్ధి చేయాలి, క్లోరిన్ కలపాలి, రిజర్వాయర్లు నింపాలి. ఏ దేశంలోనైనా ఇప్పుడు ఇలాంటి పనుల్లో ఎక్కువ పీఎల్‌సీలతోనే జరుగుతాయి. ఇవి పంప్‌హౌస్ ప్యానెల్‌లో ఉండే చిన్న కంప్యూటర్లు. ట్యాంకులో మట్టం ఎంతుందో సెన్సార్ చెప్తే పంపు ఆన్ చేయాలా, వాల్వ్ మూయాలా అన్నది ఇవే చూసుకుంటాయి. అన్నింటినీ కంట్రోల్ రూమ్ తెర మీద చూపించేది స్కాడా.

ఈ యంత్రాలు ఎవరినైనా నమ్మేస్తాయి, అసలు చిక్కు అక్కడే ఉంది. వాటిలో చాలా వాటి మధ్య ఇప్పటికీ నడుస్తున్న మోడ్‌బస్, అంటే ఇవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి, 1979 నాటిది, అందులో పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటే లేదు. పంపు ఆపమని ఆదేశం వస్తే ఆపేస్తుంది, పంపిందెవరో చూడదు. పోనీ అప్‌డేట్ చేద్దామంటే ఆఫీసు కంప్యూటర్‌లా రాత్రికి రాత్రి రీస్టార్ట్ చేయడం కుదరదు, ఊరికి నీళ్లు ఆగిపోతాయి.

2023 నవంబర్‌లో అమెరికాలోని అలిక్విప్పా అనే చిన్న ఊళ్లో, నీటి ప్రెషర్ చూసే ఒక స్టేషన్ పీఎల్‌సీలోకి హ్యాకర్లు దూరారు. అప్పట్లో ఇలాగే వరుసగా జరిగిన దాడుల్లో దెబ్బతిన్న పరికరాలు నేరుగా ఇంటర్నెట్‌కు తగిలించి ఉన్నాయి, కంపెనీ పెట్టిచ్చిన 1111 పాస్‌వర్డ్‌ను చాలాచోట్ల ఎవరూ మార్చలేదు. అలిక్విప్పా సిబ్బంది మాన్యువల్‌కు మారారు కాబట్టి నీళ్లు ఆగలేదు.

ఇంటర్నెట్‌కు కలపకపోతే చాలదా అంటే, చాలదు. ఇరాన్‌లోని నతాంజ్ అణు కేంద్రం బయటి నెట్‌వర్క్‌కు దూరంగానే ఉండేది, అయినా 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రామ్ అందులోకి వెళ్లింది, పెన్‌డ్రైవ్‌ల ద్వారా కూడా పాకగలిగేలా దాన్ని రాశారు. యురేనియంను శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌ల వేగం పాడు చేస్తూనే, ముందే రికార్డు చేసిన మామూలు రీడింగులను ఆపరేటర్లకు చూపించింది. నాకు ఇదే ఎక్కువ భయం కలిగిస్తుంది, ఎందుకంటే మన ఆపరేటర్‌కున్న కళ్లు ఆ తెరే.

ఉక్రెయిన్‌లో 2015 డిసెంబర్ 23న మూడు విద్యుత్ పంపిణీ సంస్థల మీద దాడి జరిగింది. నెలల ముందు ఈమెయిల్ అటాచ్‌మెంట్‌తో లోపలికి వచ్చినవాళ్లు, ఆపరేటర్లు చూస్తుండగానే బ్రేకర్లను తెరుస్తూ, అంటే కరెంట్ దారిని తెంపుతూ పోయారు. సుమారు 2.25 లక్షల కనెక్షన్లకు కరెంట్ పోయింది. సబ్‌స్టేషన్ పరికరాల్లోని సాఫ్ట్‌వేర్‌ను కూడా చెరిపేయడంతో కంట్రోల్ రూమ్ నుంచి చేయగలిగిందేమీ లేకపోయింది. సిబ్బంది సబ్‌స్టేషన్లకు వెళ్లి బ్రేకర్లను చేత్తో వేశారు, కొన్ని గంటల్లోనే కరెంట్ వచ్చేసింది.

అందుకే ఆఫీసు నెట్‌వర్క్‌ను, ప్లాంట్ నెట్‌వర్క్‌ను విడగొట్టడం, దూరం నుంచి లాగిన్ అయ్యేవాళ్లను తగ్గించడం ఎంత అవసరమో, వాల్వ్ ఎక్కడుందో, ఎన్ని చుట్లు తిప్పాలో తెలిసిన లైన్‌మన్‌ను ఉంచుకోవడం కూడా అంతే అవసరమని నేను గట్టిగా అంటాను. ఆటోమేషన్ వచ్చింది కదా అని మొదట తగ్గించేది వాళ్లనే. ఏడాదికి ఒకసారైనా, నీటి వాడకం తక్కువుండే వేళ చూసుకుని, స్కాడా లేకుండా పంప్‌హౌస్ నడిపి చూడాలి. మీ అపార్ట్‌మెంట్‌లో ఎస్‌టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్), బోరు మోటర్లు మొబైల్ యాప్‌తో నడుస్తుంటే వాటి పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో, పెట్టాక ఒక్కసారైనా మార్చారో లేదో మెయింటెనెన్స్ వాళ్లను ఈ వారమే అడగండి.