ఏం కూరమ్మాయ్ ఇవాళ?

రాత్రి పదిన్నర దాటి ఇంట్లో అందరూ పడుకున్నాక నేను ఫోన్ పట్టుకుంటాను. ముందు ఏదో ఒక డాక్యుమెంటరీ చూస్తాను, నాజీ శిబిరాల మీదో, రువాండా ఊచకోత మీదో. అది చూసి మనసు పాడైపోయాక డేటింగ్ యాప్ తెరుస్తాను. మా అమలాపురంలో కూర్చుని స్వైప్ చేస్తే పది నిమిషాల్లో కోనసీమ అయిపోతుంది. తర్వాత భీమవరం, కాకినాడ, రాజమండ్రి. ఫొటో, వయసు, ఉద్యోగం, ఎడమకి. ఫొటో, వయసు, ఉద్యోగం, ఎడమకి. ఎడమకి తోస్తే వద్దన్నట్టు. ఇద్దరూ సరే అనుకుని మ్యాచ్ అయినవాళ్లు నాలుగు మాటలు మాట్లాడి మాయమైపోతారు. నేనూ కొందరి దగ్గర అలాగే మాయమయ్యాను.

"అలాంటి డాక్యుమెంటరీలు చూడకురా, నిద్ర పట్టదు" అంటుంది అమ్మ. ఆమె మాటలో నిజముంది. 2013లో బోస్టన్ మారథాన్ మీద బాంబు దాడి జరిగాక, ఆ వారంలో రోజుకి 6 గంటలు, అంతకన్నా ఎక్కువ ఆ వార్తలు చూసినవాళ్లలో ఒత్తిడి లక్షణాలు దాడి జరిగిన చోట ఉన్నవాళ్లలో కంటే ఎక్కువగా కనిపించాయి. అయినా చూస్తూనే ఉన్నాను. పక్కింటివాణ్ని చంపడానికి మనిషి ఎలా సిద్ధపడతాడో నాకు అర్థం కావాలి.

ఆఫ్రికా దేశమైన రువాండాలో 1993లో ఆర్‌టీఎల్‌ఎం అనే రేడియో మొదలైంది. పాటలు, కబుర్ల మధ్య అక్కడి టుట్సీ తెగవాళ్లను 'ఇన్యెంజీ' అనేవారు. అంటే బొద్దింకలు. 1994 ఏప్రిల్ నుంచి సుమారు 100 రోజుల్లో లక్షల మందిని చంపేశారు. రేడియో ఒక్కటే దానికి కారణం కాదు. కానీ బొద్దింక అన్న మాట రోజూ చెవిన పడుతుంటే మెదడులో ఏం జరుగుతుంది?

ఈ ప్రశ్నకు దగ్గరగా వెళ్లినవాళ్లు లసానా హారిస్, సూసన్ ఫిస్క్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు. 2006లో వాళ్లు కొందరిని స్కానర్‌లో పడుకోబెట్టి రకరకాల మనుషుల ఫొటోలు చూపించారు. ఎదుటి మనిషి గురించి ఆలోచించేటప్పుడు మామూలుగా మన నుదుటి వెనక మీడియల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే భాగం చురుగ్గా పనిచేస్తుంది. ఇల్లు లేనివాళ్ల ఫొటోలు, మత్తుమందుకు బానిసైనవాళ్ల ఫొటోలు వచ్చినప్పుడు అక్కడ ఆ చురుకు కనిపించలేదు. అసహ్యంతో ముడిపడిన ఇన్సులా అనే భాగం మాత్రం మేలుకుంది. మనిషి కళ్లముందే ఉన్నాడు, మెదడు లెక్కలో మాత్రం మనిషిగా పడలేదు.

తర్వాత చేసిన ప్రయోగమే నన్ను కదిలించింది. అలాంటి ఫొటోలే చూపించి ఈసారి ఒక చిన్న ప్రశ్న అడిగారు: ఈ మనిషికి ఫలానా కూరగాయ ఇష్టమై ఉంటుందా? అంతే, మూగబోయిన ఆ భాగం మళ్లీ పనిచేసింది. అతనికీ నాలుక ఉంది, ఇష్టాయిష్టాలు ఉన్నాయి అని ఊహించాల్సి వచ్చేసరికి ఫొటో కాస్తా మనిషయింది. ఇది చదివినప్పుడు నాకు మా మామ్మ గుర్తొచ్చింది. పొద్దున్నే అరుగు మీద కూర్చుని వీధిలో ఎవరు కనిపించినా "ఏం కూరమ్మాయ్ ఇవాళ?" అని అడుగుతుంది. చేపల గంప దించిన ఆవిణ్ని కూడా "మరి నువ్వేం వండుకున్నావ్?" అంటుంది.

యాప్‌లో జరిగేది ద్వేషం కాదు. దాన్నీ ఊచకోతనీ ఒక గాటన కట్టడం చనిపోయినవాళ్లకు అన్యాయం. కాకపోతే అక్కడా మనిషి ఫొటోగా మిగులుతాడు. నెదర్లాండ్స్‌కు చెందిన ప్రాంక్, డెనిసెన్ అనే పరిశోధకులు వరసగా డేటింగ్ ప్రొఫైల్స్ చూపించి గమనిస్తే, మొదటి ఫొటో నుంచి చివరి ఫొటోకి వచ్చేసరికి సరే అనే అవకాశం సగటున 27 శాతం తగ్గింది. చూసేకొద్దీ మనసు మూసుకుపోతుందన్నమాట.

మన దగ్గర దీనికి ఇంకోటి తోడవుతుంది. ఒకమ్మాయితో మూడు రోజులు బాగా మాట్లాడాను. నాలుగో రోజు అడిగింది, "ఇంతకీ మీరేమిట్లు?" అని. కులం చెప్పాను. చదివినట్టు చూపించింది, ఆ తర్వాత ఏమీ రాలేదు. చాలా బాధేసింది. ఇప్పుడు నేను రాత్రికి పది ప్రొఫైల్స్‌కి మించి చూడను. ఎడమకి తోసేముందు ఈ మనిషికి పనసపొట్టు కూర ఇష్టమై ఉంటుందా అని ఒక్క క్షణం ఆలోచిస్తాను.

ఇది మందేమీ కాదు. రువాండాలో చంపినవాళ్లలో ఎంతోమంది ఇరుగుపొరుగువాళ్లే. పక్కింట్లో ఏం వండుకుంటారో తెలిసినవాళ్లే. తెలిసిన మనిషిని కూడా మెదడు మళ్లీ మరిచిపోగలదు.

2022 మే 24న, కోనసీమ జిల్లా పేరులో అంబేడ్కర్ పేరు చేర్చడం మీద గొడవ జరిగి, మా ఊళ్లో మంత్రి ఇంటికి నిప్పు పెట్టారు. రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. మా వీధిలో ఏళ్లుగా కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకున్న ఇళ్లు తలుపులు వేసుకున్నాయి. మామ్మ మాత్రం పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఎదురింటి మూసిన తలుపు వైపు చూసి, "ఏం కూరమ్మాయ్ ఇవాళ?" అని అడిగేది. మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు లోపలి నుంచి చిన్నగా వినిపించింది, "మామిడికాయ పప్పండీ, మామ్మగారూ" అని.